తలలో ఘంటసాల... ఎదుట ఘంటసాల!

మొన్నామధ్య చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. పాటలు వినీ వినీ చెవులు చెడగొట్టుకున్నవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదుగో, మీ ముందే ఉన్నాను.

డాక్టరు గారు నన్నో చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కాను. పరీక్ష అయ్యాక కాగితం మీద గీత చూపించారు. గీత తిన్నగా వెళ్లి వెళ్లి, 4,000 హెర్ట్జ్ దగ్గర చిన్న గోతిలో పడి, మళ్లీ పైకి లేచింది.

"మిల్లులో పనిచేస్తారా?" అనడిగారు.

"లేదండీ, సినిమా పత్రికకి రాస్తాను."

"మరి ఈ గొయ్యి మోతలో పనిచేసేవాళ్లకి కదండీ వచ్చేది!"

ఇక దాచి లాభం లేదని ఒప్పేసుకున్నాను. రాత్రి పదకొండు దాటాక, ఇంటివారి నిద్ర చెడకుండా, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, పదేళ్లుగా పాటలు వింటూనే నా వ్యాసాలన్నీ రాశాను. బయట ఎవరికీ వినపడదు గదా అని ధ్వని పెంచుతూ పోయాను. డాక్టరు గారు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లెక్క చెప్పారు. 80 డెసిబెల్స్ దగ్గర వింటే వారానికి 40 గంటలు ఫరవాలేదట. దాన్ని 90కి పెంచితే వారం మొత్తానికి 4 గంటలే! "పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోండి" అని పంపించేశారు.

కష్టాలు ఒంటరిగా రావంటారు గానీ, నాకు అదృష్టాలు కూడా జంటగానే వచ్చాయి. అదే వారంలో రెండు బేరాలు తగిలాయి.

మొదటిది అమెరికా బేరం. డాలస్‌లో పదేళ్లు ఉద్యోగం చేసి హైదరాబాదు వచ్చేసిన నా స్నేహితుడొకడు, తన సెన్‌హైజర్ హెచ్‌డి 800 ఎస్ హెడ్‌ఫోన్‌ని, దాని యాంప్లిఫయరుతో సహా సగం ధరకి ఇస్తానన్నాడు. అది మామూలు సరుకు కాదు సుమండీ. కొత్తది కొనాలంటే లక్ష దాటిన మాట.

రెండోది మా ఊరి బేరం. తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సినిమా హాలు కల్యాణ మండపమైపోయి చాలా కాలమైంది. అందులో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసిన బాబాయ్ (మా నాన్నకి స్నేహితుడు, నాకు వరసకి బాబాయ్) హాలు మూసేసిన రోజున తెర వెనకున్న మూడు స్పీకర్లలో రెంటిని పాత సామాను ధరకి కొని ఇంటికి తెచ్చుకున్నాడు. ఛాతీ ఎత్తు పెట్టెలు, వాటి మీద ఇనప హార్న్లు. "నాకు డెబ్భై దాటాయిరా. నా తరవాత వీటిని పాత ఇనుం వాడే తీసుకెళతాడు. నువ్వు పట్టుకుపో" అని ఫోన్ చేశాడు.

నా దగ్గరున్నది ఒక్క బేరానికి సరిపడే డబ్బు. పాడైన చెవులు రెండు. అంచేత ఈసారి తొందర పడకుండా, స్నేహితుడి హెడ్‌ఫోన్‌ని నాలుగు రోజులు అరువు తెచ్చుకుని, తెనాలి బస్సెక్కాను. రెంటినీ ఒకే చోట, ఒకే రోజున, ఒకే పాటలతో విని తేల్చుకుందామని.

పాఠకుల్లో కొందరు ఇక్కడే ముక్కు చిట్లించి ఉంటారు. "హార్నా? గుడి మీద గొట్టం మైకు కదూ! సంగీతానికీ దానికీ సంబంధమేమిటి?" అని. ఆ అనుమానం నాకు పుట్టుకతోనే ఉంది. ఎందుకంటే మా నాన్నది మైకుసెట్టు. పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ, ఎన్నికల రిక్షాలకీ గొట్టాలు కట్టి మమ్మల్ని పెంచాడు. ఆ గొట్టాల పని పాట వినిపించడం కాదు, పిలవడం. పొరుగూరి పొలంలో ఉన్నవాడికి కూడా "ఇక్కడ పెళ్లి జరుగుతోంది" అని తెలియాలి. కిందిస్థాయి మద్దెల మోత గానీ, పైస్థాయి తాళాల తళుకు గానీ వాటిలో పలకవు. మధ్యనున్న గొంతు మాత్రం గంటలా మోగుతుంది.

సినిమా హాలు హార్న్ దాని చుట్టమే గానీ, బాగా చదువుకున్న చుట్టం. సూత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే. మామూలు స్పీకరు కోన్ గాలిని నేరుగా తోస్తుంది. గాలి తేలిక, కోన్ బరువు. విసనకర్రతో నీళ్లు తోడినట్టుంటుంది ఆ వ్యవహారం. దానికిచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు ధ్వనిగా మారితే గొప్ప. మిగతాదంతా వేడి. హార్న్‌లో అలా కాదు. పల్చటి డయాఫ్రమ్ ఇరుకైన గొంతులోకి గాలిని గట్టిగా తోస్తుంది. ఆ గొంతు క్రమక్రమంగా విచ్చుకుంటూ వెళ్లి పెద్ద నోరవుతుంది. సన్నాయి చివర గరాటు ఎందుకుంది? దూరాన ఉన్నవాణ్ని కేకెయ్యాలంటే మీరు రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా ఎందుకు పెడతారు? ఆ కిటుకే ఇది. నూటికి పది నించి ముప్పై వంతుల దాకా ధ్వని అవుతుంది.

ఈ పొదుపు లేకపోతే టాకీలే లేవు. 1926లో న్యూయార్కులో వార్నర్ సోదరులు 'డాన్ జువాన్' చిత్రాన్ని వైటాఫోన్ పద్ధతిలో సంగీతంతో సహా ప్రదర్శించినప్పుడు, యాంప్లిఫయర్లకున్న శక్తి ఒకప్పటి మన ఇంటి టేపురికార్డరు పాటిది. అంత కొద్ది కరెంటుతో అంత పెద్ద హాలుని నింపింది వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హార్న్లు. మన 'భక్త ప్రహ్లాద' 1932లో మాట్లాడిందన్నా, ఆ తరవాత టెంటు హాళ్లలో నేల టిక్కెట్టు దాకా పద్యం వినబడిందన్నా ఆ గొట్టాల పుణ్యమే. ఇప్పటికీ పెద్ద హాళ్లలో సన్నసన్న చిల్లులున్న తెర వెనక హార్న్లే ఉంటాయి. 1940లలో పాల్ క్లిప్ష్ అనే అమెరికన్ ఇంజనీరు హార్న్‌ని ఇంట్లోకి తెచ్చాడు. మంద్రస్వరాలు పలకాలంటే హార్న్ నోరు గుమ్మమంత కావాలి. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు మరి! ఆయన గొట్టాన్ని మడతలు పెట్టి పెట్టెలో కుక్కి, గది మూలలోని రెండు గోడల్నే దాని నోటికి పొడిగింపుగా వాడుకున్నాడు. ఆ క్లిప్ష్‌హార్న్ ఒక్క వాటు కరెంటుకి, మీటరు దూరంలో 105 డెసిబెల్స్ మోగుతుందని లెక్క. మామూలు స్పీకరు 88 దగ్గర ఆగుతుంది. ఆ తేడా పూడ్చాలంటే మామూలుదానికి 50 వాట్లు పొయ్యాలి.

హెడ్‌ఫోన్ పుట్టుక దీనికి పూర్తిగా విరుద్ధం. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో కూర్చుని చెవిడొప్పలు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. వైర్‌లెస్ కబురు ఒక్కడే వినడానికి! సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోన్‌ని జాన్ కాస్ 1958లో తెచ్చాడు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చి ఆ ఒంటరితనాన్ని వీధిలోకి నడిపించింది. అన్నట్టు, సెన్‌హైజర్ వారిదే హెచ్‌ఈ 1 అని ఒకటుంది. దాని ధర యాభై వేల డాలర్ల పైమాటే. చెవులకి పెట్టుకునేదానికి!

చరిత్ర చాలు. పరీక్షకొద్దాం.

బాబాయ్ ఇంటి వెనక రేకుల షెడ్డు. రేకులు అదరకుండా గోడలకి గోనెసంచులు వేలాడదీశాడు. సొంతంగా కట్టుకున్న వాల్వుల యాంప్లిఫయరు, గట్టిగా ఎనిమిది వాట్లుంటుంది. రెంటికీ ధ్వని ఇంచుమించు సమానంగా సర్దుకున్నాం. కొంచెం ఎక్కువ మోగేదే బాగున్నట్టు తోచడం చెవికున్న పాత జబ్బు. ఆ మోసం ముందే కట్టెయ్యాలి.

మొదటి పాట 'మాయాబజార్' వెన్నెల్లో పడవ పాట. 1957. ఘంటసాల, లీల.

ముందు హెడ్‌ఫోన్. అబ్బ! ఇన్నేళ్లుగా విన్న పాటలో ఇన్ని గదులున్నాయా అనిపించింది. ఘంటసాల గారు అక్షరాన్ని పెదవుల మీద మూసిన చప్పుడు, లీల గారు ఊపిరి తీసుకున్న చోటు, వాయిద్యాల్లో ఏది ముందుంది, ఏది వెనకుంది... అన్నీ ఏ తీగకాతీగ విడదీసినట్టు. దాంతో పాటే ఫిల్ము గరగర, అరుగుదల, ఎక్కడో ఒక చిన్న అతుకు. భూతద్దం పెట్టి అమ్మ ఫొటో చూసినట్టుంది. ప్రతి గీతా కనబడుతుంది. మొహం మాత్రం ఒక్కసారిగా కనబడదు.

ఇంకో చిత్రం. ఘంటసాల గారు సరిగ్గా నా తల మధ్యలో కూర్చుని పాడుతున్నారు. అది మోనో పాట. రెండు చెవులకీ ఒకే ధ్వని ఒకేసారి అందితే, మెదడు దాన్ని పుర్రె నడిమికి చేర్చేస్తుంది. నేను కుడికి తల తిప్పితే ఆయన కుడికి తిరిగారు, ఎడమకి తిప్పితే ఎడమకి. అంత మహాగాయకుణ్ణి టోపీలా తలకి తగిలించుకు తిరగడం నాకైతే అపచారంగా తోచింది.

తరవాత హార్న్. మోనో పాటకి ఒక్క పెట్టె చాలని బాబాయ్ రెండోదాని తీగ పీకేశాడు. పాట మొదలైంది. మొదట నాకు వినబడ్డది దాని లోపమే. కొన్ని స్వరాల దగ్గర గొంతు కొంచెం గొట్టంలోంచి వచ్చినట్టుంది. కాస్త పక్కకి జరిగితే పైస్థాయి మెరుపు తగ్గిపోతుంది. పెదవుల చప్పుడూ లేదు, ఊపిరీ లేదు.

అర నిమిషం గడిచాక మాత్రం నేను లోపాలు లెక్కపెట్టడం మానేశాను. ఎందుకంటే షెడ్డులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మనిషంత ఎత్తున, పది అడుగుల దూరంలో. తల తిప్పినా ఆయన ఉన్నచోటే ఉన్నాడు. మంద్రం చెవికి కాదు, రొమ్ముకి తగిలింది. పల్లవి మీద గొంతు విప్పినప్పుడు ధ్వని పెరిగిందే గానీ పిసరంత కూడా కష్టపడలేదు. హార్న్‌లో డయాఫ్రమ్ కదిలేది చాలా తక్కువ గనక, పెద్ద ధ్వనికి కూడా అది ఆయాసపడదు.

రెండో పరీక్షకి 1989 నాటి 'గీతాంజలి' పెట్టాం. ఇళయరాజా గారి స్టీరియో. ఇక్కడ మాత్రం హెడ్‌ఫోన్ ముందు హార్న్ నిలవలేకపోయిందని ఒప్పుకోవాలి. బాలు గారి గొంతులోని మెత్తదనం, వయొలిన్ల వెనక దాక్కున్న చిన్న చిన్న స్వరాలు, కుడి నించి ఎడమకి వాయిద్యం పలికే జవాబు... ఇవన్నీ చెవుల్లో పూసల్లా విడివిడిగా రాలాయి. హార్న్లలో ఆ పూసలు కలిసిపోయి దండ అయ్యాయి. దండ అందంగానే ఉంది. పూసలు లెక్కపెట్టుకోవాలంటే మాత్రం హెడ్‌ఫోనే.

మరి మొదటి పాటకి హార్న్ ఎందుకు గెలిచింది? వాల్వులు చల్లారుతుండగా బాబాయ్ ఒక మాటన్నాడు: "ఒరే, ఆ పాట వాళ్లు ఎవరి కోసం చేశార్రా? నీ చెవి కోసమా? మా హాలు కోసం!"

నిజమే కదా! అప్పట్లో రికార్డింగు థియేటర్లో గాయకులూ, వాద్యబృందమూ కలిసి ఒకేసారి పాడి వాయించేవారు. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి నించి. ఎవరు మైకుకి ఎంత దగ్గర, ఎవరు ఎంత దూరం అనే లెక్కంతా స్పీకర్లో విని తేల్చుకున్నదే. చివరికా పాట చేరవలసింది తెర వెనక హార్న్‌కీ, అక్కణ్ణించి వెయ్యి మంది జనానికీ. ఆ గరగరలూ, అతుకులూ మనకి వినబడాలని వాళ్లు అనుకోలేదు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసింది పందిట్లో చూడటానికి గాని, ముస్తాబు గదిలోకి తొంగి చూడటానికి కాదు గదా! నేటి పాటలు వేరు. వినేవాడు బస్సులోనో, మంచం మీదో చెవులకి తగిలించుకునే వింటాడని తెలిసి చేస్తున్నవి. వాటికి హెడ్‌ఫోన్ పుట్టిల్లు. పాత పాటకి హార్న్ పుట్టిల్లు. ఈ రెంటిలో ఏది గొప్పదని తగువులాడేవాళ్లు ముందు ఏ పాట వింటున్నారో చెప్పాలి.

ఇంతవరకూ న్యాయంగానే చెప్పాను. హార్న్‌కి స్థలం కావాలి. హైదరాబాదులో నా రెండు గదుల్లో ఈ పెట్టెలు పెడితే నేను వరండాలో పడుకోవాలి. రాత్రి పూట చప్పుడు చేస్తే పక్కింటివారూ, చట్టమూ కూడా ఊరుకోవు. ఇళ్లుండే చోట రాత్రికి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు. అద్దె ఇంటివాడికి హెడ్‌ఫోన్ విలాసం కాదు, అవసరం.

పోనీ చెవులకి మంచిది హార్నా అంటే, అదీ చెప్పలేను. మా నాన్నకి ఇప్పుడు సరిగా వినబడదు. నలభై ఏళ్లు గొట్టాల కింద నిలబడ్డ చెవులవి. ఆయన చెవుల్ని గొట్టం తినేసింది, నా చెవుల్ని డొప్ప కొరకడం మొదలెట్టింది. చెడిపేది యంత్రం కాదు, మీట తిప్పే చెయ్యి.

ఆ సాయంత్రం నాన్నని కూడా షెడ్డుకి తీసుకొచ్చాను. లక్ష దాటిన సరుకు గదా అని ముందు హెడ్‌ఫోన్ పెట్టాను. ఒక నిమిషం విన్నాడు. రెండు చేతులతో జాగ్రత్తగా తీసి నా ఒళ్లో పెట్టాడు.

"బాగుందిరా. కానీ ఎవరితో చెప్పనూ?"

నాకు జవాబు తోచలేదు. పదేళ్లుగా నేను అర్ధరాత్రి విన్న పాటలన్నీ నేనొక్కణ్నే విన్నాను. బాగుందని పక్కకి తిరిగి చెప్పడానికి ఎవరూ లేరు. అందుకేనేమో, అది బాగున్న కొద్దీ మీట తిప్పి పెంచుకుంటూ పోయాను!

తరవాత హార్న్ పెట్టాం. నాన్న కుర్చీలో, బాబాయ్ డబ్బా మీద. పైస్థాయి స్వరాలు నాన్న చెవికి అందవని నాకు తెలుసు. అయినా ఆయన మోకాలి మీద తాళం తప్పలేదు. చరణం మధ్యలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలాడించారు. ఏ హాల్లో, ఏ ఆటలో, ఏ రీలు తెగిన రాత్రి జ్ఞాపకం వచ్చిందో వాళ్లకే తెలియాలి. గోడవతల నించి పక్కింటి పిన్నిగారు కేకేశారు. నేను కంగారుగా ధ్వని తగ్గించబోయాను.

"తగ్గిస్తావేం? ఆ చరణం మళ్లీ వెయ్యమని!" అన్నారావిడ.

హెడ్‌ఫోన్‌ని స్నేహితుడికి తిరిగిచ్చేశాను. "బాగాలేదా?" అన్నాడు నొచ్చుకుని. "చాలా బాగుంది, అదే భయం" అన్నాను. వాడికి అర్థమైందో లేదో. నా పాత హెడ్‌ఫోన్ మాత్రం అలాగే ఉంది. మీట సగం దగ్గర ఎర్రరంగు చుక్క పెట్టుకున్నాను. అది దాటితే డాక్టరు గారి గీత కళ్ల ముందు కనబడుతుంది.

హార్న్ల జంట ఇప్పుడు ట్రాలీ ఆటోలో ఊరు దాటకుండానే ఇల్లు మారింది. బాబాయ్ షెడ్డు నించి, నాన్న ఖాళీ మైకుసెట్టు కొట్టులోకి. నా దగ్గరున్న డబ్బు వాటి కొత్త తీగలకీ, పెట్టెల మరమ్మతుకీ సరిపోయింది. బాబాయ్ మాత్రం ధర పుచ్చుకోలేదు. రోజూ సాయంత్రం వచ్చి తన పెట్టెల్ని తనే మోగిస్తానన్నాడు, అదే ధరట!

తీగలు కలిపాక మొదటి పాట ఏది వెయ్యాలని మేమిద్దరం వాదించుకుంటున్నాం. ఈలోగా నాన్న మూలనున్న పాత మైకు దుమ్ము దులిపి, యాంప్లిఫయరుకి తగిలించి, రెండుసార్లు ఊది, అలవాటు ప్రకారం అన్నాడు:

"హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ..."

ఆ గొంతు నేను పదిహేనేళ్ల తరవాత విన్నాను. అది ఏ హెడ్‌ఫోన్‌లోనూ దొరకదు.

మీ ఊరి హాలు తెర వెనక హార్న్లు ఏమయ్యాయో తెలిసినవాళ్లు ఒక కార్డు ముక్క రాయండి. పాత ఇనుం కొట్టుకి చేరకముందే రాస్తే మరీ మంచిది. ఉంటాను!